సర్దారు సంతకం పెట్టిన పుట్ట

పుట్టగొడుగులు ఏరడానికి మా అత్త పెట్టే నియమాలు మా బొగ్గు గనిలో కూడా లేవు. నేను గనిలో మైనింగ్ సర్దార్‌ని. నియమాలు చెప్పి నలుగురి చేతా తిట్లు తినడమే నా ఉద్యోగం. కాబట్టి ఈ మాట ఊరికే అనడం లేదు.

మిరుగు కార్తె తొలకరి వానలు పడి, ఒక రాత్రి గట్టిగా ఉరిమిందంటే తెల్లారేసరికి కాసిపేట నుంచి అత్త ఫోన్ వస్తుంది. "పుట్టకొక్కులు లేస్తున్నయి. ఐతారం రాండ్రి." అంతే, పెట్టేస్తుంది. ఆమె మా బాపుకు సొంత చెల్లెలు, నా భార్యకు తల్లి. రెండు వైపులా నాకు పెద్దదే, ఎదురు చెప్పే దారి లేదు. గోదావరిఖని నుంచి నేనూ నా భార్యా, గోలేటి నుంచి మా బావమరిదీ స్కూటర్లేసుకుని పోతాం.

అడవిలో అడుగుపెట్టాక అత్త రాజ్యం. ఒకరు చూపించిన చోటికి వాళ్లు లేకుండా పోకూడదు. కనబడగానే కేక పెట్టకూడదు. మొగ్గలు ముట్టకూడదు, అవి రేపటివి. వాడిపోయినవి ముట్టకూడదు, అవి పుట్టవి. చివరికి అందరి బుట్టలూ ఆమె ముందు బోర్లించాలి. ఒక్కొక్కదాన్నీ తిప్పి చూసి, ఏమాత్రం అనుమానం వచ్చినా విసిరేస్తుంది. విసిరినదాని వైపు ఆశగా చూడటం కూడా తప్పే. మిగిలింది తువ్వాల మీద సమానంగా కుప్పలు పెడుతుంది. ఎవరికి ఎక్కువ దొరికాయన్న ముచ్చట ఎత్తకూడదు. నా భార్యకు ప్రతిసారీ నాకంటే ఎక్కువ దొరుకుతాయి. ఆ ముచ్చట ఆమె అడవిలో ఎత్తదు, ఇంటికొచ్చాక వారం రోజులు ఎత్తుతుంది.

ఫోన్ల నియమం తర్వాత వచ్చింది. ఒక ఏడు మా బావమరిది జ్యోతినగర్ దోస్తును ఒకడిని వెంట తెచ్చాడు. ఆ మహానుభావుడు పుట్ట పక్కన నిలబడి ఫోటో దిగి, దారితో సహా వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మరుసటి ఆదివారం అక్కడ జాతర. అప్పటినుంచి బయలుదేరే ముందే ఫోన్లన్నీ స్కూటర్ డిక్కీలో పెట్టించి, కొడుకునూ కూతురినీ నిలబెట్టి జేబులు, సంచులు తడిమి చూసేది అత్త. మేం గనిలోకి దిగేముందు బీడీలు, అగ్గిపెట్టెలు ఉన్నాయేమోనని తడుముతారే, సరిగ్గా అలాగే. నన్ను మాత్రం తడిమేది కాదు. అల్లుడికి ఇచ్చే మర్యాద అది. నేనూ మీసం సవరించుకుంటూ పక్కన నిలబడేవాణ్ని.

ఆమెకు ఒక సొంత పుట్ట ఉందని అందరికీ తెలుసు, ఎక్కడుందో ఎవరికీ తెలియదు. మా పెళ్లయిన పదహారేళ్లకు, పోయిన ఏడు, ఒక ఆదివారం పొద్దున మా ముగ్గురినీ అక్కడికి తీసుకుపోయింది. వాగు దాటి, వెదురు పొద వెనక, నల్లటి బండ పక్కన ఉంది ఆ పుట్ట. చుట్టూ తెల్లగా విచ్చుకుని, చూస్తేనే కడుపు నిండేలా ఉన్నాయి. పాములున్నాయేమోనని నేను ముందు వెళ్లి కర్రతో చుట్టూ తట్టి చూశాను. అందరం ఏరుకున్నాం. అనుమానంగా ఉన్న నాలుగింటిని అత్త ఆ బండ పక్కన విసిరేసింది.

"మొగ్గలు రేపటికి విచ్చుకుంటయి. పొద్దున్నే వద్దాం" అంది.

మర్నాడు నాకు సెకండ్ షిఫ్టు, కాబట్టి సరేనన్నాను. రాత్రి అత్త ఇంట్లోనే ఉన్నాం. తెల్లవారుజామున సన్నగా జల్లు పడి వెలిసింది. వెళ్లి చూస్తే పుట్ట చుట్టూ ఒక్క మొగ్గ లేదు.

అత్త కొడుకు వైపు తిరిగింది. "నువ్వే వచ్చినవు. గా వాట్సాప్ పోరన్ని తోలుకొచ్చింది నువ్వే, ఇది చేసింది నువ్వే."

"అవ్వ తోడు, నేను రాలేదే! రాత్రంత బావ పక్కనే పన్న, అడుగు."

అడిగితే ఏం చెప్పను? నేను పడుకుంటే పక్కన ఏనుగు లేచి వెళ్లినా తెలియదు. "ఏమో అత్తా, నిద్రల నాకేం తెల్వలేదు" అన్నాను. పాపం వాడి మొహం మాడిపోయింది. ఆ పూట అత్త వాడికి అన్నం పెట్టింది గానీ మాట పెట్టలేదు. వాడు తినకుండానే గోలేటి వెళ్లిపోయాడు.

ఆ రోజు మధ్యాహ్నం డ్యూటీ. లోపల తిండి వేళకు నా షిఫ్టులో పనిచేసే కుర్రాడొకడు టిఫిన్ డబ్బా తెరిచి నా ముందు పెట్టాడు. అతనిది అత్త వాళ్ల పక్క ఊరు.

"తిను అన్నా. పుట్టకొక్కుల కూర. నీ పుణ్యమే."

"నా పుణ్యమేంది?" అన్నాను, అప్పటికే రెండు ముద్దలు మింగి.

"నిన్న పొద్దుగూకంగ మా బర్రె తప్పిపోతె దేవులాడుకుంట వాగు అవతలికి పోయిన. బండ మీద నీ సంతకం కనబడ్డది. ఏవి తినేటివో నాకు తెల్వదన్నా, ఎప్పుడు ముట్టను. కాని సర్దారు చూసి రాసిండంటె ఇంక ఫికరేంది అని అన్ని తెంపుకపోయిన."

గనిలో పని మొదలయ్యే ముందు నేను పైకప్పును కర్రతో తట్టి చూస్తాను. బాగుంటే సుద్దముక్కతో గోడ మీద తేదీ, టైము వేసి సంతకం పెడతాను. అది చూశాకే మనుషులు అక్కడ పనికి దిగుతారు. ఇరవై ఏళ్ల అలవాటు. సుద్దముక్క నా చొక్కా జేబులోనే ఉంటుంది, పెళ్లికి వెళ్లినా ఉంటుంది. ఆదివారం పుట్ట చుట్టూ తట్టి చూసిన చెయ్యి, అందరూ ఏరడంలో మునిగి ఉండగా, నన్ను అడక్కుండానే బండ మీద సంతకం కూడా చేసేసిందన్నమాట. పొద్దున జల్లుకు అది కొట్టుకుపోయింది.

మూడో ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది. "బండ పక్కన పడి ఉన్నయి సూడు నాలుగు, అవి గిట్ల తెచ్చినవా?"

"అవెందుకన్నా? ఎవరో పడేసినవి కద. మొలిచినవే తెచ్చిన."

ఆ తర్వాత, చెప్పడానికి సిగ్గుగా ఉంది, కూర మొత్తం తిన్నాను.

మర్నాడు పొద్దున్నే ఒక్కణ్నే కాసిపేట పోయాను. చెప్పకపోతే అత్తకు తెలిసే దారే లేదు. చెబితే పదహారేళ్లకు దొరికిన పుట్ట ఒక్కరోజులో పోతుంది. కానీ బావమరిది మాడిన మొహం కళ్లలోంచి పోవడం లేదు. వాకిట్లో బియ్యం చెరుగుతున్న అత్త ముందు కూర్చుని అంతా చెప్పాను. చేట ఆగలేదు.

"కూర ఎట్లుండె?" అంది చివరికి.

"కారం జర ఎక్కువైంది అత్తా."

"పుట్టకొక్కులల్ల గంత కారం ఎవరేస్తరు!" అని మండిపడింది. అసలు కోపం దానికే వచ్చిందేమో అనిపించింది. తర్వాత చేట పక్కన పెట్టి మెల్లగా అంది, "ఆ పోరడు నీ రాత మీద పానం పెట్టి తిన్నడు బిడ్డా. అడవిల నీకేం తెలుసని రాసినవు?"

గనిలో ఏ అధికారి తిట్టినా అంత చిన్నబోలేదు నేను.

ఆమె కొడుక్కి ఫోన్ చేసింది. "నువ్వు పోలేదట. మీ బావ చెప్పిండు. ఐతారం రా" అని పెట్టేసింది. వాడు మాత్రం నాకు ఫోన్ చేసి ఆమె మిగిల్చిన తిట్లన్నీ తిట్టాడు.

ఆ ఆదివారం వెళ్లాం. కొడుకునూ కూతురినీ తడమడం అయ్యాక అత్త నా ముందుకు వచ్చి నిలబడింది.

"చేతులు లేపు."

గనిలో లేపినట్టే రెండు చేతులూ పైకి లేపాను. అత్త నా జేబులో చెయ్యి పెట్టి సుద్దముక్క తీసి రొండిన దోపుకుంది. నా భార్య పడీ పడీ నవ్వింది. అల్లుడి మర్యాద ఆ రోజుతో పోయింది. అయినా నాకు ఏడుపొచ్చేంత సంతోషమైంది, నన్ను ఇంటికి తిప్పి పంపలేదు కదా.

వాగు దాటాక అత్త వెదురు పొద వైపు కాకుండా ఎడమకు తిరిగింది. అక్కడ ఇంకో పుట్ట ఉంది, మొదటిదానికంటే పెద్దది. సొంత పిల్లలకే ఆ సంగతి తెలియదు. నేను ముందు వెళ్లి చుట్టూ కర్రతో తట్టి చూశాను. చెయ్యి దానంతట అదే జేబు దగ్గరికి పోయింది.

"నా దగ్గరున్నది, ఏరు" అంది అత్త, వెనక్కి తిరగకుండానే.