మైకు ముందు నాన్న

ఈ రోజు కొత్త కంప్యూటర్‌లో నాన్న రిటైర్మెంట్ సన్మానం వీడియో పెడితే బొమ్మ వచ్చింది, సౌండ్ రాలేదు. నాన్న పోయి మూడు నెలలైంది. ఆ సభకు నేను వెళ్లలేదు. ఆయన మాట ఉంటుందనుకున్న వీడియో అదొక్కటే.

ద్వారకా నగర్‌లో కంప్యూటర్లు బాగుచేసే స్నేహితుడు అప్పలరాజు వచ్చి వేరే ప్లేయర్ ఎక్కించాడు. చప్పట్లు వినిపించాయి. స్టీల్ ప్లాంట్‌లో తోటివాళ్లు నాన్నకు శాలువా కప్పి, చేతికి మైకిచ్చారు. అంతే, నిశ్శబ్దం.

అప్పలరాజు వాల్యూమ్ పూర్తిగా పెంచాడు. “సౌండ్ మళ్లీ పోనాదేటి బావ?”

“నేదు. వీడియోలో ఫ్యాన్ తిరుగుతన్న సౌండ్ వస్తంది కదా. నాన్నే మాట్లాడతనేదు.”

నాన్న అందరికీ దండం పెట్టి, మైకు తిరిగిచ్చేశాడు.

నాకు ఏడుపూ రాలేదు, నవ్వూ రాలేదు. ఇంకేదైనా మంచి ప్లేయర్ ఉంటే చెప్పండి. అందులోనైనా మాట్లాడతాడేమో చూస్తాను.