ఇసుక దారిలో మడమ నొప్పి

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో ఒక ఏడాదంతా నాకు పొద్దున్నే మంచం దిగాలంటే భయం. కుడికాలు నేల మీద పెట్టగానే మడమ అడుగున మేకు దిగినట్టుండేది. గోడ పట్టుకుని వంటింటి దాకా వెళ్ళేసరికి కొంత సర్దుకునేది. సాయంత్రానికి మళ్ళీ మొదలయ్యేది.

అప్పటికి నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. ఇల్లు పలాసలో, ఉద్యోగం ఉద్దానంలోని ఒక చిన్న ఊరి బడిలో. ఉదయం పాసింజరెక్కి సుమ్మాదేవిలో దిగి, జీడితోటల మధ్య ఇసుక దారిలో మూడు కిలోమీటర్లు నడవాలి. ఆ బడికి టీచర్ని నేనొక్కదాన్నే. నేను వెళ్ళని రోజు తాళం తీసేవాళ్ళుండరు.

చేయని వైద్యం లేదు. మా అత్తగారు ఇటుక వేడిచేసి, దాని మీద జిల్లేడాకులు పరిచి, మడమ ఆనించమనేవారు. ఆ వేడి హాయిగానే ఉండేది, తెల్లారేసరికి నొప్పి మాత్రం దాని చోట అదుండేది. పలాసలో ఒక డాక్టరు మడమలోకి ఇంజక్షన్ ఇస్తే నెలన్నర బాగుండి మళ్ళీ వచ్చింది. ఎక్స్‌రే తీసి, ఎముక ముల్లులా పెరిగిందన్నారు. మా ఆయన ఆ ఫిల్ము కిటికీ వెలుతురులో పట్టుకుని చూసి, ఇది చూపించి బదిలీ అడగమన్నాడు. అడిగితే వచ్చేదేమో. కానీ నాకంటే ముందున్న టీచరు సెలవు పెట్టి వెళ్ళాక ఆ బడి ఎనిమిది నెలలు మూతపడి ఉంది. నేను వచ్చి అ ఆల దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. కాలు బాగు చేసుకుంటాను గానీ, కాలు పేరు చెప్పి బడి వదలనని ఆయనతో అన్నాను.

టెక్కలిలో ఒకమ్మాయి ఫిజియోథెరపీ చదివి వచ్చి, ఇంటి ముందు గదిలోనే రోగులను చూస్తోందని పక్క ఊరి బడి టీచరు చెబితే ఒక ఆదివారం బస్సెక్కి వెళ్ళాను. మా వైపు ఆ వైద్యాన్ని ‘కరెంటు పెట్టడం’ అనేవారు. ఆమె ఏ యంత్రం జోలికీ పోలేదు. ముందు నా చెప్పులు తిరగేసి చూసింది. అవి అరిగి అట్టముక్కలా అయిపోయిన హవాయి చెప్పులు. తర్వాత గదిలో అటూ ఇటూ నడిపించింది. పడుకోబెట్టి, పాదాన్ని మోకాలి వైపు వంచబోతే అది వంగలేదు. పిక్క నొక్కితే ప్రాణం పోయినంత పనైంది. ముల్లు కనబడిన వాళ్ళలో చాలామందికి అసలు నొప్పే ఉండదని చెప్పింది. అరికాలి కింద మడమ నుంచి వేళ్ళ దాకా ఒక గట్టి పట్టీలాంటిది ఉంటుందట. నా పిక్క బిగుసుకుపోయి ఆ పట్టీ మీద లాగుడు పెరిగిందట.

అక్కడే నాచేత అన్నీ చేయించింది. మంచం దిగకముందే తువ్వాలు పాదానికి తగిలించి మీదికి లాగాలి. గోడకు చేతులు ఆనించి, నొప్పి కాలు వెనక్కి పెట్టి, మడమ లేవకుండా ముందుకు వంగి ముప్పై లెక్కపెట్టాలి. మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి, మెల్లగా మెట్టు కిందికంటా దించాలి. చెప్పులు వెంటనే మార్చాలి.

“మూడు నెల్లకి తక్కువ పట్టదు మేడమ్,” అంది. “మద్దిలో ఒకసారైనా మల్లీ వత్తాది. అప్పుడు మానీకండి.”

మాననన్నాను.

రోజూ సాయంత్రం బడి నుంచి వచ్చి తిరుగు బండి కోసం సుమ్మాదేవి స్టేషన్లో ముప్పావు గంట ఆగాలి. ఆ ముప్పావు గంటా స్టేషన్ గోడ నాదే. జనం నవ్వుకునేవారు, నేను పట్టించుకోలేదు. ఆరో వారానికి పొద్దుటి నొప్పి సగం తగ్గింది. ఆ ధైర్యంతోనే, ఒకరోజు బడిలో ఆలస్యమైతే, బండి అందుకోవాలని ఇసుకలో పరుగెత్తాను. మర్నాడు మళ్ళీ మొదటి రోజు నొప్పి. మంచం మీదే కూర్చుని ఏడ్చాను. ఏడుస్తూనే తువ్వాలు పాదానికి తగిలించాను.

స్టేషన్ గోడ దగ్గరే ఒకామె నన్ను పలకరించింది. మా బడి ఊరి రైతు ఇల్లాలు, నలభై అయిదేళ్ళ మనిషి. సొంత తోటలో కొబ్బరికాయలు గంపకెత్తుకుని రైలెక్కి పలాసలో అమ్మి వచ్చేది.

“గోడ తోసీసినట్టు ఏటి సేత్తన్నావు టీచరమ్మా?” అని అడిగింది.

చెప్పాను. తనకూ రెండేళ్ళుగా మడమ నొప్పేనని, కొట్లో బిళ్ళలు కొని మింగుతున్నానని చెప్పింది. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో అప్పటికే ఇంటికొకరు కిడ్నీ జబ్బుతో మంచం పడుతున్నారు. నొప్పి బిళ్ళలు కిడ్నీలకు చేటని, వాటిని మానెయ్యమని చెప్పి, నేను చేసేవన్నీ ఆమెకు నేర్పాను. నేర్పడం నా వృత్తి కదా, ఆలోచించలేదు. ఆమె నాకంటే పట్టుదలగా చేసింది.

మూడు వారాలకు ఆమె కుంటుతూ బడికే వచ్చింది. మడమ వెనక వాచి ఉంది.

“నువ్వు సెప్పినట్టే సేసినాను. ఎక్కువైపోనాది,” అంది. మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

ఆ ఆదివారం ఆమెను టెక్కలి తీసుకెళ్ళాను. ఆ అమ్మాయి మడమ వెనక వేలితో నొక్కి చూసి నా వైపు తిరిగింది.

“నొప్పి ఏ పక్కనో అడిగారా మేడమ్?”

నేను అడగలేదు. నాకు నొప్పి అడుగున, ఆమెకు వెనక, పిక్క నరం మడమకు అతుక్కున్న చోట. నాకు మంచి చేసినదే, మెట్టు కిందికి మడమ దించడమే ఆమెకు చెరుపు చేసింది. చదువుకున్నదాన్నన్న గర్వం ఆ గదిలో నా నెత్తిమీంచి దిగిపోయింది. క్షమించమని ఆమెను అడిగితే, బిళ్ళలు మానిపించావు కదా, అది చాలంది.

ఆమెకు వేరే పద్ధతి చెప్పింది ఆ అమ్మాయి. చదును నేల మీదే మడమలు ఎత్తి దించాలి, చెప్పులో మడమ కింద రబ్బరు ముక్క ఎత్తు పెట్టుకోవాలి, కొన్నాళ్ళు గంప మొయ్యకూడదు. ఆ చివరి మాట దగ్గర ఆమె ఒప్పుకోలేదు. గంప దించితే ఇల్లెలా నడుస్తుందని అడిగింది. చాలాసేపు మాట్లాడుకుని సగం గంపకు ఒప్పందం కుదుర్చుకున్నారు.

అప్పట్నుంచి సాయంత్రాలు మేమిద్దరం స్టేషన్లో పక్కపక్కనే నిలబడి, ఎవరి వ్యాయామం వాళ్ళం చేసుకునేవాళ్ళం. ఆమెకు అంకెలు ఇరవై దాకానే వచ్చు. మిగతావి నేను పైకి లెక్కపెడుతుంటే నేర్చేసుకుంది.

నాకు అయిదో నెలలో తగ్గింది. ఒక పొద్దున నేను వంటింట్లోకి వెళ్ళి పాలు పొయ్యి మీద పెట్టాక గానీ, గోడ పట్టుకోకుండా నడిచొచ్చానని గుర్తు రాలేదు. ఆమెకు దాదాపు ఏడాది పట్టింది. జీడి కోతల రోజుల్లో మళ్ళీ నొప్పి తిరగబెట్టినా మానలేదు. ఆ బడిలో నేను మరో ఆరేళ్ళు పనిచేశాను. ఈలోగా ఆ ఊరి వాళ్ళు ఇంకో నలుగురు మడమలు పట్టుకుని టెక్కలి వెళ్ళారు. వాళ్ళను వెంటబెట్టుకుని బస్సెక్కించి తీసుకెళ్ళింది ఆమే.