చెయ్యి కలిపే వేళ

హోసూరుకు వచ్చి మూడేళ్లయినా ఆదివారాలు నాకు బరువుగానే ఉండేవి. మిగతా రోజుల్లో బాగలూరు దగ్గర గులాబీ షెడ్లలో పని. ఒళ్లు అలిసిపోతే ఒంటరితనం అంతగా గుర్తుకు రాదు. ఊళ్లో తెలుగు ఆరాధన జరిగే చర్చి ఉందని తెలిసి ఎంతో ఆశగా వెళ్లాను. మొదటి రోజే సంఘపెద్ద దగ్గరికొచ్చి పలకరించాడు.

"యా ఊరప్పా మీది? చిత్తూరు పక్కనా? ఇల్లు ఊర్లోనా, ఆవల పేటలోనా?"

పేటలోనే అన్నాను. కులం తెలిసిపోయింది కాబోలు, ఆ తరువాత ఆయన మరేమీ అడగలేదు. మూడేళ్లలో ఎవరూ ఒక్కసారి కూడా ఇంటికి రమ్మనలేదు.

ఆరాధన మధ్యలో ఒకరికొకరు సమాధానం, అంటే శాంతి కలగాలని, చెప్పుకునే వేళ ఒకటుంటుంది. మా చర్చిలో అప్పుడు అందరూ చేతులు జోడిస్తారు. మన దేశపు మర్యాద కదా అనుకునేవాణ్ణి. నిజం చెప్పాలంటే, అది నాకు నచ్చేది కూడా.

పోయిన ఏడాది ఆఫ్రికా నుంచి ఒకాయన మా షెడ్లకు వచ్చాడు. మొక్కలు కత్తిరించే పద్ధతి నేర్పడానికి కొన్ని నెలలు ఉన్నాడు. వాళ్ల దగ్గరా గులాబీ తోటలే, వాళ్ల పూలూ మా పూలూ పోయేది యూరప్‌కే. ముళ్లు గీరిన చేతులు పక్కపక్కన పెట్టి చూసుకుని ఇద్దరం నవ్వుకున్నాం. మధ్యాహ్నం అన్నాల దగ్గర వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడుకునేవాళ్లం.

"మా తాతల పొలం తెల్లదొర లాక్కున్నాడు," అన్నాడొకసారి. "అందులోనే మావాళ్లను కూలికి పెట్టుకున్నాడు. వాళ్లచేతే చర్చి కట్టించాడు. ఆయన ముందు బెంచీలో, మా నాయనమ్మ వెనక నేలమీద. ఇప్పుడు దొర లేడు. తోట మావాళ్లలోనే ఒక పెద్దమనిషిది. ముందు బెంచీ కూడా ఆయనదే."

"మరి ఆ చర్చికి ఎందుకు పోతావు?" అన్నాను.

"మా అమ్మ ఇంకా వెనకే కూర్చుంటుంది. ఆమె పక్కన కూర్చోవాలి కదా."

ఆ ఆదివారం నాతో చర్చికి వచ్చి, వెనక వరసలో నా పక్కనే కూర్చున్నాడు. సమాధానం చెప్పుకునే వేళ రాగానే నావైపు చెయ్యి చాచాడు. ఆ చర్చిలో నా చెయ్యి పట్టుకున్న మొదటి మనిషి అతనే. తరువాత లేచి ముందు వరసల దాకా వెళ్లి అందరికీ చెయ్యి ఇచ్చాడు. సంఘపెద్ద ఒక్క క్షణం తడబడి, రెండు చేతులతో అందుకున్నాడు.

"అంత దూరం నుంచి వచ్చినారు, దేవుడే పంపించినాడు," అని మురిసిపోయి ఫోటో కూడా దిగాడు.

ఇక ప్రతి ఆదివారం అతనితో చెయ్యి కలపడానికి అందరూ ముందుకొచ్చేవాళ్లు. మా చర్చిలో గాలి మారిందని సంబరపడ్డాను, పిచ్చివాణ్ణి.

అతను వెళ్లిపోయాక వచ్చిన ఆదివారం నా పక్కన ఎవరూ కూర్చోలేదు. ఆ వేళ రాగానే ధైర్యం చేసి లేచాను. అతను నడిచిన దారినే ముందుకెళ్లి సంఘపెద్దకు చెయ్యి చాచాను. ఆయన నా చేతిని చూశాడు.

"అదంతా ఆయనకప్పా. ఈడ మన పద్ధతి నమస్కారమే కదా," అని నవ్వుతూనే చేతులు జోడించాడు.

కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. చాచిన చెయ్యి ఏం చేయాలో తోచక, నా రెండో చేత్తో దాన్ని గట్టిగా పట్టుకున్నాను. చూసేవాళ్లకు అది నమస్కారంలాగే కనిపించి ఉంటుంది.