అంగిట్లో నిప్పు

మా వాడలో ఆడవాళ్ళం చుట్టను అడ్డపొగ తాగుతాం. వెలిగించిన కొస నోట్లో పెట్టుకుంటాం. నెత్తిమీద చేపల తట్టతో సముద్రపు గాలికి ఎదురు నడిచేటప్పుడు చుట్ట ఆరిపోకుండా ఉండాలంటే అదొక్కటే దారి. అమ్మ ఊహ తెలిసిన దగ్గర్నుంచి అలాగే తాగింది. నేనూ తాగేదాన్ని, అన్నయ్య కంట పడకుండా.

అమ్మ అంగిట్లో లేచిన పుండును కేన్సర్ అన్నారు, అడ్డపొగ వల్లే వచ్చిందన్నారు. అంగిలి సగం కోసేయాలన్నారు. విజయనగరం ఆసుపత్రిలో ఉండగా, పరిశోధన చేసుకునే ఒక కుర్రాడు వచ్చి అమ్మ రక్తం తీశాడు. రక్తంలో మైక్రోఆర్‌ఎన్‌ఏ అని చిన్నచిన్న ముక్కలుంటాయట. వాటిలో ఏవి పెరిగాయో, ఏవి తగ్గాయో చూసి, రోగి ఎన్నాళ్ళు బతుకుతాడో అంచనా కట్టొచ్చేమోనని చూస్తున్నారట.

అన్నయ్యది పడవ నడిపేవాడి బుద్ధి. మా దగ్గర సరంగు నీళ్ళకేసి చూసి వద్దంటే ఎవడూ పడవ దింపడు. రక్తం కూడా అలా మాట చెప్తుందనుకున్నాడు. ఆ మాట వచ్చేదాకా కోతకు ఒప్పుకునేది లేదని భీష్మించుకు కూర్చున్నాడు. కొడుకు మాట కాదనలేక అమ్మా నోరెత్తలేదు. పుండు ఆగుతుందా? ఆపరేషన్ ఒకసారి వాయిదా పడింది. ఈసారీ తప్పితే ఇక కోసి లాభం లేదన్నాడు డాక్టరు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ పొద్దున కుర్రాడు వార్డులోకి రాగానే అన్నయ్య అతని కాలర్ పట్టుకున్నాడు.

"మాయమ్మ బతుకుతాదా, నేదా? సెప్పు!"

"ఒక్క మనిషికని చెప్పేది కాదండి. ఇంకా చాలామంది రక్తం చూడాలి..."

"దాస్తన్నావేటి?" అని మొహమ్మీద గుద్దాడు.

కుర్రాడు మంచానికి కొట్టుకుని పడ్డాడు. పెదవి చిట్లి చొక్కా అంతా నెత్తురైంది. అన్నయ్య మళ్ళీ చెయ్యెత్తాడు. నేను గంజి కేరేజీ అందుకుని అన్నయ్య వీపుమీద బలంకొద్దీ కొట్టాను. గోడంతా గంజి చిమ్మింది. తప్పు చేశానని ఇప్పటికీ అనుకోను.

అమ్మ మంచం దిగింది. కుర్రాడి గడ్డం చీర చెంగుతో తుడిచి, ఆ చెంగు అన్నయ్య మొహం ముందు పట్టింది.

"ఇదిగో రగతం. సూడు. ఈ గుంటడెన్నాల్లు బతుకుతాడో సెప్పు."

అన్నయ్య ఆ చెంగు మీంచి మొహం తిప్పుకున్నాడు.

"సెప్పనేవు గదా. ఎల్లు, కొయ్యమను."

ఆ రోజే ఆపరేషన్ కాగితం మీద వేలిముద్ర వేసింది. కోశారు. ఆ తర్వాత అమ్మ మాట సగం ముక్కులోంచి వచ్చేది, తాగిన నీళ్ళూ అక్కణ్ణుంచే కారేవి. అయినా బతికింది. నన్ను తిట్టే ఓపికా తెచ్చుకుంది.

మరుసటి ఏడాది కుర్రాడు మళ్ళీ అమ్మ రక్తం కోసం మా ఇంటికే వచ్చాడు. పెదవిమీద మచ్చ ఉంది. పోల్చి చూడ్డానికి జబ్బు లేనివాళ్ళ రక్తం కూడా కావాలన్నాడు. నేను చెయ్యి చాపాను.

"మీకు చుట్ట అలవాటుందా?"

అన్నయ్య పక్కనే వల బాగుచేసుకుంటున్నాడు. అబద్ధం చెప్తే ఆ కుర్రాడి పనంతా తప్పుదారి పడుతుంది.

"ఉన్నాది. అడ్డపొగే తాగుతన్నాను."

అన్నయ్య లేచి నా చెంప పగలగొట్టాడు. చెవి గింగురుమంది. కుర్రాడు భయపడి వెనక్కి జరిగాడు. ఈసారి అన్నయ్య అతని కాలర్ పట్టుకోలేదు. అతని ముందు గొంతుక్కూచున్నాడు.

"బాబూ, రగతం తరవాత సూద్దువుగాని," అన్నాడు. "ముందు నా సెల్లి నోరొకపాలి సూడు."