ఊ కొట్టేదెవరు?

మా పెద్దమ్మను బడికి తీసుకుపోయింది నేనే. ఆ రోజు గురించి ఎవరైనా అడిగితే మాత్రం ముందు హెడ్మాస్టరును తిడతాను. ఆయన్ను తిట్టడం తేలిక.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. ధరూర్ వైపు పల్లెలో కూలి చేసుకుని బతికిన మనిషి. విత్తనానికి పల్లికాయలు ఒలిచే రోజుల్లో ఆడవాళ్లంతా కొట్టంలో కూర్చుంటే, ఆమె కథ చెప్పేది. చేతుల పని చేతులదే. మొదలుపెట్టే ముందు మాత్రం ఎప్పుడూ ఒకటే అడిగేది: "ఊ కొట్టేదెవరు?" ఎవరో ఒకరు ఒప్పుకుంటే గానీ కథ ఎత్తుకునేది కాదు. ఆ ఒకరు మాట మాటకూ ఊ అనాలి. కునికిపాటు పడితే ఆమె అక్కడే ఆపేసేది. చిన్నప్పుడు ఐదారేళ్లు ఆ ఊ నాదే.

ఇప్పుడు నేను వనపర్తిలో టీచర్ని. పెద్దమ్మకు దగ్గు ముదిరింది, ఊపిరందక మాట తెగిపోతోంది. ఆ కథలు ఆమెతోనే పోతాయని నాకు భయం పట్టుకుంది. మా బడి పిల్లల చెవిన పడితే కొన్నైనా మిగులుతాయనుకున్నాను.

"కొట్టంల అయితే చెప్త. బడిల నాకెందుకురా?" అంది. నేను వినలేదు. బతిమాలి బస్సెక్కించాను.

వేపచెట్టు కింద చాప వేద్దామంటే హెడ్మాస్టరు ఒప్పుకోలేదు. ఫోటోలు మంచిగ రావాలట. స్టేజీ, కుర్చీ, మైకు, ఒక శాలువా. మూడు తరగతుల పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి నోటి మీద వేలు పెట్టించారు. నోటి మీద వేలు పెట్టుకుని కథ వినాలట! ఈ పద్ధతి కనిపెట్టినవాడు జన్మలో ఒక్క కథయినా విన్నాడా?

పెద్దమ్మ ఆ వేళ్లన్నిటినీ చూసి, నా వైపు తిరిగింది. "ఊ కొట్టేదెవరురా?"

మైకులో అందరికీ వినబడింది. తోటి టీచర్లు నవ్వారు. నాకు సిగ్గేసింది. "ఇక్కడ గట్ల ఉండదు పెద్దమ్మా, మైకున్నది గదా. నువ్వు చెప్పు," అన్నాను.

"ఒక ఊర్ల ఒక మేక ఉండె," అని ఆగింది. చప్పుడు లేదు. "ఆ మేక ఏటి మీద అలిగె," అని మళ్లీ ఆగింది. అప్పుడు ముందు వరసలో ఒక పాప వేలు తీసి "ఊ" అంది. పెద్దమ్మ ముఖం వెలిగింది.

"ష్!" అని గదిమారు ఆ పాపను. గదిమింది హెడ్మాస్టరు కాదు. నేను.

పెద్దమ్మ నన్నే చూసింది. "గోడలకు చెప్పనీకి పిల్సుకొచ్చినవా?" అని మైకు పక్కకు నెట్టి దిగిపోయింది. హెడ్మాస్టరు శాలువా మడత పెడుతూ, "కనీసం ఫోటో అన్న దిగకపోయె," అన్నాడు. ఆయన చెంప పగలగొట్టాలనిపించింది. కానీ పాపం, ఆయనకేం తెలుసు? తెలిసినవాణ్ణి నేను. ఊ కొట్టి పెరిగిన నోటితోనే ఒక పసిదాని ఊ నొక్కేశాను. నలుగురు నవ్వితే పరువు పోతుందని! తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండిపోతుంది.

మొన్న ఊరికి పోయాను. కొట్టంలో కాయలు ఒలుస్తున్నారు. పోయి ఒక పక్కన కూర్చున్నాను. దగ్గు తెర ఆగాక పెద్దమ్మ తలెత్తి, "ఊ కొట్టేదెవరు?" అంది.

నోరు తెరిచాను. ఆమె చేటెడు కాయలు నా ముందుకు తోసింది.

"నువ్వు సారువి. నీకెందుకు? కాయలు ఒలువు," అని పక్కింటి కోడలి వైపు తిరిగింది.

ఆ అమ్మాయి ఊ అంది. మేక ఏటి మీద అలిగింది. నేను నోరు మూసుకుని కాయలు ఒలిచాను.