సముద్రం మొహం చూడనన్న అక్క

తొంభైల మొదట్లో మేం బాపట్లలో ఉండగా విశాఖ, అరకులకి ఎవరో టూరు బస్సు వేశారు. నాలుగు రోజులు. తిండి వాళ్లదే, వంటవాళ్లు బస్సులోనే వస్తారు, అన్నీ చూపించడానికి ఒక గైడు. మా ఆయన ఇద్దరికీ సీట్లు రాయించుకొచ్చి "సంతోషమేనా?" అన్నాడు. సంతోషమే, కానీ అడగ్గానే ఒప్పుకుంటే ఎలా? "కిటికీ సీటేనా?" అన్నాను. నేను బళ్లో టీచర్ని. నా నోటికి పిల్లలే కాదు, చర్చిలో మా స్త్రీల సమాజం వాళ్లూ జడుస్తారు.

బస్సు రేపల్లె, భట్టిప్రోలు, తెనాలి తిరిగి జనాన్ని ఎక్కించుకుంటూ దుగ్గిరాల వచ్చింది. అక్కడ పసుపు యార్డులో పనిచేసే ఆడవాళ్లు నలుగురు ఎక్కారు. మా ఆయన అప్పటికే కాళ్లు చాపుకోవడానికి వెనక సీటుకి పోయాడు కాబట్టి, వాళ్లలో యాభై ఏళ్ల ఆవిడొకరు నా పక్కన కూలబడింది. కూచుంటూనే అడిగింది.

"కొండలెప్పుడొస్తాయమ్మా?"

"రేపు."

"మరి సముద్రం?"

"ఇవాళ సాయంత్రం."

"అయితే ఇవాళ నేను బస్సు దిగనమ్మా" అంది.

ఏలూరు దాటేలోపు సంగతంతా నేనే లాగాను. ఆవిడది మా బాపట్ల పక్కనే, సూర్యలంక ఒడ్డు. మొగుడు చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు, శవం కూడా దొరకలేదు. ఇక సముద్రం మొహం చూడనని ఒట్టేసుకుని, కూతుర్ని తీసుకుని దుగ్గిరాల వచ్చేసింది. పెద్దయ్యాక ఆ పిల్లేమో వేటకెళ్లేవాణ్ణే ఇష్టపడి, మళ్లీ ఆ ఒడ్డుకే కాపురానికి పోయింది. తల్లి పెళ్లికి వెళ్లలేదు. కానుపుకి తన దగ్గరికి రమ్మని ఈవిడ కబురు చేస్తే, "నీకు కావాలంటే నువ్వే రా" అందట కూతురు. ఈవిడ వెళ్లలేదు. మనవడు పుట్టి ఏడాది కావస్తోంది, ఇంతవరకూ కళ్లతో చూడలేదు. మీ ఇద్దరి పంతం పాడుగాను, మధ్యలో ఆ పసివాడేం చేశాడు అని నోటిదాకా వచ్చింది. ఆవిడ మొహం చూసి ఊరుకున్నాను.

సాయంత్రం విశాఖ బీచి దగ్గర గైడు విజిలేశాడు. అందరూ పిల్లల్లా ఎగబడి దిగారు. ఆవిడ దిగలేదు. "చెప్పులూ సంచులూ నా దగ్గర పడేసి పోండి, నేను చూస్తంటా" అంది.

"డబ్బు కట్టి బస్సులో కూచోడమేంటక్కా?" అన్నాను.

"కొండలకి కట్టానమ్మా."

నాకు ఒళ్లు మండింది. చీర కుచ్చిళ్లెత్తి నీళ్లలో నిలబడి కూడా సణుగుతూనే ఉన్నాను. వెనక్కి తిరిగి చూస్తే, బస్సు మెట్టు దగ్గర మా చెప్పులన్నీ కుప్పేసుకుని, సముద్రానికి వీపు పెట్టి కూచుని ఉంది. అది చూశాక నాకు నీళ్లలో ఆడబుద్ధి కాలేదు.

మర్నాడు అరకు ఘాట్ రోడ్డు. మేమంతా వరిచేల మధ్య పుట్టినవాళ్లం, మాకు ఎత్తంటే కాలవ గట్టే. మలుపు మలుపుకీ కిటికీల్లోంచి తలలు బయటికి. మా ఆయన నిమ్మకాయ వాసన చూస్తూ కళ్లు తేలేశాడు. నేనూ తక్కువ తినలేదు, ఆవిడ నా తల ఒళ్లో పెట్టుకుని నుదురు నొక్కింది. "పడవలోళ్ల ఇంటి మనిషిని, నాకేం తిరుగుద్ది టీచరమ్మా" అని నవ్వింది. దారిలో గుహలు చూపిస్తే, ఆ మెట్లు అందరికంటే ముందు దిగింది, అందరికంటే ముందు ఎక్కింది. కట్టెల మోపులతో కొండ దిగి వస్తున్నవాళ్లని చూసి, "ఈళ్లు పొద్దుగూకేసరికి ఇళ్లకొచ్చేస్తారు కదా" అంది. నేను అవునన్నాను.

మూడోరోజు మళ్లీ విశాఖ వచ్చాం. "ఇప్పుడు కొండెక్కుతున్నామండీ" అని గైడు కేకేశాడు.

"కొండేనా?" అని ఆవిడ నన్నడిగింది.

"కొండే. కొండ మీదికి సముద్రం ఎలా వస్తుందక్కా, పద!" అని నేనే చెయ్యి పట్టుకుని దింపాను.

నన్నేమంటారు? మా వైపు సముద్రం, తర్వాత ఇసక, ఆ వెనక సరుగుడు తోటలు, ఆ వెనక వరిచేలు. అంతా చాప పరిచినట్టుంటుంది. సముద్రం పక్కనే కొండ ఉంటే పైనుంచి ఏం కనపడుతుందో ఈ మట్టిబుర్రకి తట్టలేదు.

పైకెక్కి చెట్ల చాటు దాటామో లేదో, కాళ్ల కింద సముద్రం! ఆ కొస నుంచి ఈ కొస దాకా అదే. "పోదాం పదక్కా, తప్పయిపోయింది" అని చెయ్యి లాగాను. ఆవిడ విదిలించుకుని గట్టు చివరికి పోయింది. కొంగు నడుముకి దోపింది.

"ఏమే! ఇక్కడ కూడా నువ్వేనా? ఏమీ ఎరగనట్టు ఎంత బాగా పడుకున్నావే! నా మనిషినేం చేశావే? బట్టముక్కన్నా ఒడ్డుకి తోస్తే నీ సొమ్మేం పోయిందే? నీ కడుపు కాలా!"

ఫొటోలు తీసుకునేవాళ్లంతా ఇటు తిరిగారు. ఒక్కరూ నవ్వలేదు. ఆవిడ గొంతు పోయేదాకా తిట్టింది. చివరికి వేలు చూపించి, "నా పిల్ల నీ ఒడ్డునే ఉంది. దాని జోలికొచ్చావో, చూసుకో!" అంది.

కింద కొన్ని పడవలు ఒడ్డుకొస్తున్నాయి. ఇసకలో ఆడవాళ్లు బుట్టలతో నిలబడి ఉన్నారు, చీమలంత. ఆవిడ వాళ్లనే చూస్తోంది. గైడు దగ్గరికొచ్చి "టైమైపోయిందండీ" అన్నాడు.

"నీ టైము తగలెయ్యా, కాసేపు ఆగవయ్యా!" అని కసిరాను.

ఆగాడు పాపం. బస్సు మొత్తం ఆగింది. చివరి పడవ ఇసక ఎక్కేదాకా ఎవరూ కదల్లేదు.

"నా పిల్ల రోజూ ఇట్టాగే నిలబడుద్ది టీచరమ్మా. ఒక్కతే" అని బావురుమంది. నేనూ ఏడ్చాను. నేనేడవడం పెళ్లయ్యాక అదే చూడడమని మా ఆయన ఇప్పటికీ అంటాడు.

తిరుగు ప్రయాణంలో దుగ్గిరాలలో తోటి ఆడవాళ్లు దిగిపోయారు. "మీ ఊరేనమ్మా, దిగండి" అన్నాడు గైడు. "పోనీ నాయనా, బాపట్లకి" అని ఆవిడ సీట్లో సర్దుకుని కూచుంది.

బాపట్లలో మేమే ఆవిణ్ణి సూర్యలంక బస్సెక్కించాం. సంచి మా ఆయన మోశాడు. నేను కొట్లో ఒక గిలక్కాయ కొని చేతిలో పెట్టాను. బస్సు కదలబోతుంటే ఆవిడ కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుంది.

"టీచరమ్మా, ఆడికి నేనెవరో తెలవదు. ఎత్తుకుంటే ఏడుస్తాడేమో?"

"ఏడుస్తాడక్కా. ఏడిస్తే ఏడవనీ. దించకు" అన్నాను.