గైడు ఉపేంద్ర గొంతు

ఆదివారం పొద్దున ఏడింటికి దిల్‌సుఖ్‌నగర్‌లో టూరు బస్సు కదలగానే గైడు ఉపేంద్ర మైకులో మూడుసార్లు ఊదుతాడు. చంకలో గొడుగుతో, ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని, కొత్తపేట దాటేలోగా ఇక్ష్వాకుల రాజ్యం స్థాపించేస్తాడు. సాగర్‌లో నాగార్జునకొండ లాంచీ ఎక్కాక నీళ్లకేసి చెయ్యి చాపి, "మన కాళ్ల కింద ఓ నగరం మునిగుందండీ" అంటాడు. ప్రతివారం అక్కడ అతని గొంతు నిజంగానే వణుకుతుంది. తెలంగాణ ఉద్యమం ముమ్మరమయ్యాక మాత్రం తన నోటి "అండీ" అంటే అతనికే భయం పట్టుకుంది. అద్దం ముందు "ఏంది", "ఎట్ల" అని సాధన చేశాడు. తెనాలి యాస పోలేదు.

ఆ ఆదివారం ఎల్బీనగర్ చౌరస్తాలో రాస్తారోకో. నినాదాలతో గొంతు బొంగురుపోయిన యువకుడొకడు బస్సెక్కి, "ఏడికి పోతున్రు?" అన్నాడు. "లాంచీ వెళ్లిపోతుంది, మీరు చెప్పండి సార్!" అని వెనకసీటావిడ గైడును తొందరపెట్టింది. ఉపేంద్ర గొంతు మీద వేలుపెట్టి, మాట రాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"గొంతు పోయిందా అన్నా? పోయినేడు మా అమ్మ నీ బస్సులనే ఒచ్చింది. నీళ్లల్ల మునిగిన ఊరి ముచ్చట గైడు గిట్లనే చెప్పిండని అచ్చం నీ లెక్కనే చెప్తది." యువకుడు జేబులోంచి విక్స్ బిళ్ల తీసి అతని చేతిలో పెట్టాడు. "ఇయ్యాల పోనియ్యం. ఏమనుకోకు."

బస్సు వెనక్కి తిరిగింది. ఆ అమ్మ పేరైనా అడగాలనిపించింది ఉపేంద్రకు. మాట రానివాడు ఎలా అడుగుతాడు? కొత్తపేట దగ్గరే నోట్లో బిళ్ల కరిగిపోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో అందరూ దిగిపోయేదాకా, మైకు ఒళ్లో పెట్టుకుని, అతను నోరు విప్పలేదు.